అన్నం ఎవరు కలపాలి?

పక్షవాతం వచ్చిన పెద్దాయన ఆస్పత్రి నుండి ఇంటికి చేరగానే మన ఇళ్లలో జరిగేది ఇది. కోడలు అన్నం కలిపి నోట పెడుతుంది, కొడుకు చొక్కా తొడుగుతాడు, మనుమడు నీళ్ల చెంబుతో నిలబడతాడు. చూడవచ్చినవారు ‘ఎంత బాగా చూచుకుంటున్నారు’ అని మెచ్చుకుంటారు. ఆ ప్రేమను మేము తప్పుపట్టము. అయితే నెలల తరబడి అలాగే సాగితే, తాను చేసుకోగలిగిన పని కూడ ఆయనకు చేతకాకుండ పోతుంది. ఆక్యుపేషనల్ థెరపిస్టు అవసరము సరిగ్గా ఇక్కడే.

ఆ పేరు విని, ఉద్యోగం ఇప్పించే వారేమోనని అనుకునేవారున్నారు. కాదు. ముఖం కడుక్కోవడం, చీర కట్టుకోవడం, భోంచేయడం, దొడ్డికి వెళ్లిరావడం, వంటపని, పొలంపని – నిద్ర లేచింది మొదలు మనిషి చేసుకునే పనులన్నీ ఆ మాటలోనివే. ఫిజియోథెరపిస్టు ముఖ్యంగా కండరాల బలము, నడక చూస్తారు. వీరు ఉన్న బలముతో రోజు గడుపుకొనే విధము నేర్పుతారు. మన దేశంలో ఈ చదువును 1950లో బొంబాయిలో కమలా నింబ్కర్ ప్రారంభించారు. 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము క్రింది భాగమంతా చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్, చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1966లో వెలసిన పునరావాస కేంద్రం ఆమె కృషి ఫలమే.

మంచి థెరపిస్టు మొదట వ్యాయామం చెప్పరు, అడుగుతారు. ‘మీ అంతట మీరు ముందుగా ఏ పని చేసుకోవాలని ఉంది?’ అని రోగినే అడుగుతారు, వెంట వచ్చినవారిని కాదు. కుడివైపు పడిపోయినవారిలో చాలామందికి మాట కూడ పోతుంది. మాట పోయినంత మాత్రాన తెలివి పోలేదు. అవునో కాదో తలతో చెప్పేవరకు ఓపికగా ఆగాలి. ‘ఆయనకేం తెలుస్తుందండీ’ అని ఆయన ఎదుటనే అనడం మన ఇళ్లలో మామూలైపోయింది. ఆయన వింటూనే ఉంటారు.

ఇక భోజనం సంగతి. కుడిచేయి పడిపోయిన మనిషిని ఎడమచేత్తో తినమంటే మనవాళ్లకు ప్రాణం పోయినట్టుంటుంది. పదిమందిలో తినడం మానుకొని, ఆకలి లేదని బొంకేవారున్నారు. ఊరికే ఎడమచేతిలో చెంచా పెట్టి ‘తినండి’ అనే థెరపిస్టు ఈ ఊరి మనిషిని ఎరుగడన్నమాట. ముందు ఆ సిగ్గును గూర్చి మాట్లాడాలి, ఇంట్లోవారితోనూ మాట్లాడాలి. మ్రింగడం క్షేమమేనని డాక్టరు చెప్పిన తర్వాత, నిటారుగా కూర్చోబెట్టి, అంచు ఎత్తుగా ఉన్న కంచం క్రింద తడిగుడ్డ పరిస్తే కంచం జారదు. చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది. పడిపోయిన చేయి వ్రేలాడకూడదు, బల్లమీద కనబడుతూ ఉండాలి. మెతుకులు పడతాయి, పడనివ్వండి. ఆయనను మూలన వేరుగా కూర్చోబెట్టకండి, అందరితోపాటే వడ్డించండి. మా మట్టుకు ఇది వ్యాయామం కంటె ముఖ్యమనిపిస్తుంది.

చొక్కా తొడిగేటప్పుడు బలహీనమైన చేయి ముందు, విప్పేటప్పుడు ఆ చేయి చివర. ఆ చేయి పట్టుకొని లాగి లేపరాదు, భుజం కీలు దెబ్బతింటుంది. స్నానపు నీళ్ల వేడిని స్పర్శ ఉన్న చేత్తోనే చూచుకోవాలి. దొడ్డికి వెళ్లడం కష్టమని నీళ్లు త్రాగడం మానుకొనే స్త్రీలు ఎందరో ఉన్నారు. మధ్య రంధ్రమున్న కుర్చీ, గోడకు పట్టుకొనే కడ్డీ ఉంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. ఏది నేర్పినా తాకే ముందు చెప్పి, అనుమతి అడిగి, తలుపు దగ్గరగా వేసి నేర్పడం థెరపిస్టు బాధ్యత. ‘మూడు నెలల్లో మామూలైపోతారు’ అని మాట ఇచ్చేవారిని మాత్రము నమ్మకండి.

ఈ వృత్తిలో ఉన్న మన పిల్లలు రోగి ఇంటి గడప ఎత్తు, మంచం ఎత్తు, స్నానాల గది దూరం అడిగి తెలుసుకోకుండ సలహా ఇవ్వరాదు. చెప్పినదానిని ఇంటివారిచేత తమ ఎదుటనే ఒకసారి చేయించి చూడాలి.

రోగిని ఇంటికి పంపే రోజున ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉన్నారేమో ఆస్పత్రిలో అడగండి. అన్నిచోట్లా ఉండరు. లేకపోతే ఫిజియోథెరపిస్టునే అడిగి నేర్చుకోండి. వెళ్లేటప్పుడు ఆయన రోజూ తినే కంచం, తొడుక్కొనే చొక్కా వెంట తీసుకువెళ్లండి.