కట్టు విప్పాక కూడా కనిపెట్టి ఉండండి!

తల్లిదండ్రులకు, లెక్చరర్లకు, మందుల షాపులవారికి, ఈ వీధిలో ప్రతి పెద్దకూ మనవి



బండి మీద నుంచి పడ్డ పిల్లాడి కోసం మనం పరుగెత్తని దారి ఉండదు. 108కి ఫోన్ చేస్తాం. రక్తం కావాలంటే కాలనీ కుర్రాళ్లంతా ఆసుపత్రి ముందు నిలబడతారు. మెడలో బంగారం తాకట్టు పెట్టి కాలులో రాడ్ వేయిస్తాం. పుత్తూరు కట్టు మంచిదని ఎవరైనా అంటే రాత్రికి రాత్రే బయల్దేరతాం. గుళ్లో మొక్కు, దర్గాలో చాదర్, చర్చిలో ప్రార్థన, దేన్నీ వదలం. కొన్నాళ్లకు ఎక్స్‌రే చూసి డాక్టరుగారు "ఎముక అతుక్కుంది" అంటారు. హమ్మయ్య అనుకుంటాం.

పిల్లాడి అసలు కష్టం చాలా ఇళ్లలో ఆ తర్వాతే మొదలవుతుంది.

అప్పటిదాకా చుట్టూ జనం. ఆ తర్వాత నాన్న డ్యూటీకి, అమ్మ పనికి, దోస్తులు కాలేజీకి. వాడొక్కడే మంచం మీద. చేతిలో ఫోను, పక్కన మాత్రల అట్ట. కళ్లు మూస్తే లారీ హారన్ వినబడుతుంది. వెనక కూర్చున్న స్నేహితుడు ప్రాణం పోగొట్టుకుని ఉంటే "బండి నడిపింది నేనే కదా" అనే మాట గొంతులో ముల్లులా ఉంటుంది. ఎవరితో చెప్పుకుంటాడు? పదహారేళ్ల మగపిల్లాడు ఏడిస్తే మనం ఏడవనిస్తామా? "ఆడపిల్లలా ఏంట్రా అది" అంటాం. వాడు కన్నీళ్లు మింగేస్తాడు. కొన్నాళ్లకు ఇంకేదో మింగడం మొదలుపెడతాడు.

చూడ్డానికి వచ్చేవాళ్లకు ఒక మాట. బత్తాయిలు, బిస్కెట్లు తెస్తారు, సంతోషం. కానీ మంచం పక్కన కూర్చుని "ఎంత స్పీడు మీద పోయావురా?", "మీ నాన్నకు ఎన్ని లక్షలైందో తెలుసా?" అని అడక్కండి. ముఖం మీద కుట్లు పడ్డ ఆడపిల్ల ముందు "రేపు సంబంధాలు ఎలా వస్తాయో" అని నిట్టూర్చకండి. మీరు గుమ్మం దాటగానే ఆ మాట మరిచిపోతారు. ఆ పిల్ల రాత్రంతా దాన్నే వింటూ పడుకుంటుంది.

తప్పెవరిదో లెక్క తేల్చాలనుకుంటే చట్టాన్ని అడగండి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. మైనరు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా అని అందులో రాశారు. చట్టం వేలు పెద్దల వైపు చూపిస్తోంది. మనం మాత్రం మంచంలో ఉన్న పిల్లాడి వైపు చూపిస్తున్నాం. టెన్త్‌లో మార్కులొచ్చాయని తాళాలు చేతికిచ్చింది మనమే!

పెద్ద దెబ్బ తగిలిన తర్వాత మొదటి రోజుల్లో పీడకలలు, ఉలిక్కిపడటం, ఆ రోడ్డు పేరెత్తితే ముఖం తిప్పుకోవడం చాలామందికి ఉంటాయి. చాలామందిలో మెల్లగా తగ్గిపోతాయి. నెల దాటినా తగ్గకపోతే, ఇంకా పెరుగుతుంటే, అది చికిత్స ఉన్న జబ్బు. దయ్యం కాదు, గాలి సోకడం కాదు, నాటకం అంతకన్నా కాదు. ఈ వయసులో దిగులు ఎప్పుడూ ఏడుపుగానే కనబడదు. అన్నం ప్లేటు విసిరికొట్టడంగా, తలుపు గడియ పెట్టుకోవడంగా కూడా కనబడుతుంది. తలకు దెబ్బ తగిలిన పిల్లల్లో చీటికీమాటికీ కోపం, మతిమరుపు, చప్పుడు భరించలేకపోవడం ఆ దెబ్బ వల్లే రావచ్చు. దాన్ని పొగరని కొట్టకండి. డాక్టరుకు చూపించండి.

ఇక మాత్రల సంగతి. నొప్పికి రాసే వాటిలో ట్రమడాల్ లాంటివి జ్వరం బిళ్లల్లాంటివి కావు. అవి నల్లమందు జాతి మందులు. అందుకే ట్రమడాల్‌ను 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. డాక్టరు చెప్పినన్నాళ్లు, చెప్పినంత వేసుకుంటే అవి మేలే చేస్తాయి. మందుకు భయపడి పిల్లల్ని నొప్పితో ఏడిపించమని మేం చెప్పడం లేదు. అయితే అట్ట పిల్లాడి దిండు కింద ఉండకూడదు, అమ్మ దగ్గరో నాన్న దగ్గరో ఉండాలి. పూటకు ఎన్ని ఇచ్చారో క్యాలెండర్ మీద రాసుకోండి. మిగిలినవి "ఎప్పటికైనా పనికొస్తాయి" అని బీరువాలో దాచకండి. చాలా రోజులుగా వేసుకుంటున్నవాటిని ఒక్కసారిగా ఆపకండి, ఎలా తగ్గించాలో డాక్టరునే అడగండి. ఈ మాత్రలు, నిద్రమాత్రలు, మద్యం కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చు. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం అనే మత్తు మందు కలుపుతున్నారని మన దగ్గర కేసుల మీద కేసులు పడ్డాయి. "కొంచెం కల్లు తాగించండి, నిద్ర పడుతుంది" అనే పెద్దమనిషికి ఆ సంగతి చెప్పండి.

గంజాయి ఇచ్చే స్నేహితుడు మొదటిసారి డబ్బులు అడగడు. "నొప్పి తెలియదు మామా, ఒక్కసారి" అంటాడు. నిజమే, ఆ రాత్రి తెలియదు. ఎదిగే వయసు మెదడుకు మాత్రం అది చేటు. భ్రమలు, అనుమానాల జబ్బుకు దారి తీయవచ్చు. సిగరెట్ సంగతి మీ పిల్లలకు ఇలా చెప్పండి: పొగ తాగితే ఎముక ఆలస్యంగా అతుకుతుంది. క్రికెట్ ఆడాలని తొందరపడే కుర్రాడికి నీతి పాఠం కన్నా ఈ ముక్క బాగా ఎక్కుతుంది.

అయ్యా, మందుల షాపు యజమానులూ! చీటీ లేకుండా ఒక్క అట్ట కూడా ఇవ్వకండి. పాత చీటీ పదోసారి తెచ్చిన పిల్లాణ్ని వెనక్కి పంపి, ఇంటికి ఫోన్ చేయండి. పిల్లలకు మద్యం, పొగాకు, మత్తుమందులు ఇచ్చినవారికి జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా ఉంది. కిరాణా కొట్టువారికీ, బెల్టు షాపువారికీ ఇదే మాట.

ప్రిన్సిపాల్‌గారూ! కర్రల సాయంతో వచ్చే పిల్లకు మూడో అంతస్తులో క్లాసు పెట్టకండి. హాజరు తగ్గిందని గేటు దగ్గర ఆపకండి. చదువు తెగిపోయిన పిల్లలే మత్తు అమ్మేవాడికి సులువుగా దొరుకుతారు. బెంచీ మీద చోటు నిలబెట్టండి, నోట్సు ఇంటికి పంపండి. మిగతా పిల్లలారా, మీరు వారానికి రెండుసార్లు వెళ్లి క్యారమ్స్ ఆడినా అది వైద్యమే!

ఆసుపత్రులను మేం గట్టిగా అడుగుతున్నాం. డిశ్చార్జి కాగితంలో కుట్లు విప్పే తేదీ ఉంటుంది, ఫిజియోథెరపీ తేదీ ఉంటుంది. మనసు ఎలా ఉందో చూసే తేదీ ఎందుకుండదు? పద్దెనిమిదేళ్లలోపు ప్రతి గాయపడ్డ పిల్లకూ, పిల్లాడికీ నెల రోజులకు ఆ పరీక్ష రాయాలి. ఈ మాట సూపరింటెండెంట్ బల్ల మీదికి మనమందరం సంతకాలతో తీసుకెళ్లాలి.

అమ్మా, నాన్నా, ఈ రాత్రే పిల్లల పక్కన కూర్చోండి. అనుమానం ఉంటే సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. లోపల ఉన్నది బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, మాత్రలన్నీ వాడికి అందకుండా పెట్టండి, వెంటనే 14416కు ఫోన్ చేయండి. ప్రమాదం కళ్ల ముందే ఉంటే 108కి చేయండి. 14416 అంటే టెలీ మానస్. 2022 అక్టోబర్ 10న మొదలైంది. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. మత్తు అలవాటు అప్పటికే పడిపోయి ఉంటే 14446కు చేయండి, చికిత్సకు దారి చెబుతారు. గంజాయి అమ్మేవాళ్ల సమాచారం ఆంధ్రప్రదేశ్‌లో 1972కు, తెలంగాణలో 1908కు చెప్పండి. పిల్లాడి మీద కేసు పడుతుందని భయపడి దాచకండి. చికిత్సకు తానుగా ముందుకొచ్చినవాడికి మత్తుమందుల చట్టంలోనే, 64ఏ సెక్షన్‌లో, రక్షణ ఉంది.

ఈ కాగితాన్ని బజ్జీల పొట్లం కట్టనివ్వకండి. మీ వీధిలో కట్టుతో ఉన్న పిల్లలు ఏ ఇంట్లో ఉన్నారో మీకు తెలుసు. చదివాక ఆ ఇంటికి తీసుకెళ్లి ఇవ్వండి. ఇచ్చి, కాసేపు కూర్చుని రండి.