రేపు అంటే ప్రళయమేనా?

భవిష్యత్తును చీకటిగా చూపే కథలకు కొదవ లేదు. బాగుపడే దారి చూపే కథలే కావాలిప్పుడు. 1905లోనే మద్రాసు పత్రికలో అలాంటి కథ ఒకటి అచ్చయింది.

వెండితెర మీద భవిష్యత్తుకు ఒకటే రంగు. బూడిద రంగు. 2024లో వచ్చిన నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’లో గంగ ఎండిపోయింది. భూమ్మీద నగరమంటూ మిగిలింది కాశీ ఒక్కటే. నీరు, పచ్చదనం ‘కాంప్లెక్స్’లో కాపురమున్న కొద్దిమంది సొత్తు. అంతకు 33 ఏళ్ల ముందు, 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’లో టైమ్ మెషిన్ ఎక్కి 2504కు వెళ్లినవారికి ఎదురైంది కూడా అణుయుద్ధం తర్వాత నేల కింద తలదాచుకున్న జనమే. ప్రయాగ్ అక్బర్ ఇంగ్లిష్ నవల ‘లైలా’ (2017)లో నగరాన్ని గోడలు ముక్కలు చేస్తాయి. ఎవరి వర్గం వారిది, ఎవరి గోడ వారిది. హాలీవుడ్ సంగతి సరేసరి. బ్రహ్మంగారి కాలజ్ఞానం వింటూ పెరిగిన తెలుగువారికి ఇదంతా మరీ కొత్తేమీ కాదు.

ఈ కథలను తక్కువ చేయలేం. హెచ్చరించడం వాటి పని. జార్జ్ ఆర్వెల్ ‘1984’ అచ్చయింది 1949లో. ప్రభుత్వ నిఘా గురించి ఎవరు మాట్లాడినా ఇప్పటికీ ‘బిగ్ బ్రదర్’ పేరే ఎత్తుతారు. అయితే ప్రతి కథా హెచ్చరికే అయినప్పుడు దాన్ని పట్టించుకునేవారుండరు. ఎలాగూ మునిగిపోతామని నమ్మిన ఓటరు తాగునీటి గురించో, పీల్చే గాలి గురించో నాయకుణ్ని నిలదీయడు. గద్దె మీద ఉన్నవారికి జనం ఆగ్రహంతో ఇబ్బంది గానీ, నిరాశతో ఇబ్బందేమీ లేదు.

ఈ ధోరణికి విరుగుడుగా కొత్త రచనలు కొన్నాళ్లుగా వస్తున్నాయి. సౌరశక్తితో, ప్రకృతితో రాజీపడి బతికే సమాజాల కథలకు ‘సోలార్‌పంక్’ అని పేరు. లోకం ఎంత చెడ్డదైనా పోరాడటం మానని మనుషుల కథలకు 2017లో అమెరికన్ రచయిత అలెగ్జాండ్రా రోలాండ్ ‘హోప్‌పంక్’ అని పేరు పెట్టారు. వీటిలో భారతీయ పాఠకులను నేరుగా తాకేది కిమ్ స్టాన్లీ రాబిన్సన్ నవల ‘ది మినిస్ట్రీ ఫర్ ద ఫ్యూచర్’ (2020). ఉత్తరప్రదేశ్‌లో వడగాడ్పులకు జనం పిట్టల్లా రాలిపోవడంతో కథ మొదలవుతుంది. మరొకరైతే అక్కడే ఆగిపోయేవారు. రాబిన్సన్ మాత్రం ఆ మరణాల తర్వాత జ్యూరిక్‌లోని ఒక సంస్థ సెంట్రల్ బ్యాంకులను ఎలా ఒప్పించింది, కార్బన్‌ను నేలలోనే ఉంచినవారికి కొత్త కరెన్సీ ఎలా చెల్లించారు, ఎక్కడ ఓడిపోయారు అన్నది వందల పేజీల్లో చెబుతారు.

విదేశాల నుంచి వచ్చిన ఈ పేర్లు కొత్తవే. దారి మాత్రం ఉపఖండానికి ఎప్పుడో తెలుసు. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ ప్రాంతంలో 1880లో పుట్టి, పరదా చాటున పెరిగి, అన్నగారి దగ్గర చాటుమాటుగా ఇంగ్లిష్ నేర్చుకున్న బేగం రోకియా సఖావత్ హుస్సేన్ 1905లో ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే కథ రాశారు. దాన్ని ప్రచురించింది మద్రాసు నుంచి వెలువడే ‘ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’. 1901లో ఆ పత్రికను స్థాపించిన కమలా సత్యనాథన్ తెలుగింటి ఆడపడుచే.

రోకియా ఊహించిన ‘లేడీలాండ్’లో మగవాళ్లు ఇంటిపట్టున ఉంటారు, ఆడవాళ్లు రాజ్యం నడుపుతారు. వంటిళ్లలో పొగ లేదు, సూర్యుడి వేడితోనే వంట. ఒక మహిళా విశ్వవిద్యాలయం మేఘాల నుంచి నీటిని తోడుకునే బెలూన్ కనిపెడితే, మరొకటి ఎండ వేడిని నిల్వచేసే విద్య సాధించింది. తలుపులు బిగించిన కారాగారాల్లేవు, పోలీసుల్లేరు. మగవాళ్లు ఆఫీసుల్లో చుట్టలు కాలుస్తూ గడిపిన గంటలు లెక్కకట్టి, ఆ పనిని రెండు గంటల్లో ముగించేస్తున్నామని చెప్పే సిస్టర్ సారా మాటల్లోని చురక ఈనాటికీ పదునే.

ఇది ఉత్త పగటికల అయితే ఇంతగా గుర్తుండేది కాదు. ఆ రాజ్యం ఎలా వచ్చిందో రోకియా వరుసగా చెప్పారు. మొదట రాణి ఆడపిల్లలకు బడులు పెట్టించింది. తర్వాత విశ్వవిద్యాలయాలొచ్చాయి. మగవాళ్లు సైన్యం పెంచుకునే పనిలో మునిగి, ఆ పరిశోధనలను ఎగతాళి చేశారు. పొరుగుదేశం నుంచి వచ్చిన శరణార్థులను అప్పగించనందుకు యుద్ధం వచ్చింది. సైన్యం ఓడిపోయే దశలో విద్యార్థినులే సూర్యకిరణాలను శత్రువుల మీదికి మళ్లించి తరిమేశారు. చదువు, సంస్థలు, ఆ తర్వాతే అధికారం. లోపాలు లేవా? ఉన్నాయి. ఒకరిని గడప లోపల బంధించి మరొకరికి స్వేచ్ఛ ఇవ్వడం న్యాయం కాదు. అయితే ఆ తిరగేసిన జనానాను చూసి నవ్విన మగ పాఠకుడు, అసలు జనానా గురించి ఒక్క క్షణమైనా ఆలోచించక తప్పదు.

లేడీలాండ్‌లో 21 ఏళ్లు నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేయకూడదు. భారత్‌లో ఆ వయసు ఇప్పటికీ 18. దాన్ని 21కి పెంచే బిల్లు 2021 డిసెంబర్‌లో లోక్‌సభ ముందుకొచ్చి, 2024లో సభ రద్దవడంతో మురిగిపోయింది. పెంచడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. పార్లమెంటు 2021లో అందుకున్న ప్రశ్నను ఒక కథ 1905లోనే వేసిందన్నది గమనించాలి.

రోకియా కథతోనే సరిపెట్టుకోలేదు. భర్త చనిపోయాక 1911లో కోల్‌కతాలో ఎనిమిది మంది విద్యార్థినులతో బడి పెట్టారు. ఇంటింటికీ తిరిగి ముస్లిం కుటుంబాలను ఒప్పించి ఆడపిల్లలను రప్పించారు. ‘సుల్తానాస్ డ్రీమ్’కు 2024లో యునెస్కో ఆసియా–పసిఫిక్ ‘మెమొరీ ఆఫ్ ద వరల్డ్’ జాబితాలో చోటు దక్కింది. ఆమె కన్నుమూసిన డిసెంబర్ 9ని బంగ్లాదేశ్ రోకియా దినంగా జరుపుకుంటోంది.

ఎండిన గంగను తెర మీద చూపే గ్రాఫిక్స్ నైపుణ్యం తెలుగు సినిమాకు వచ్చేసింది. మూసీలో మళ్లీ చేపలు ఈదే హైదరాబాద్ కథ మాత్రం ఇంకా రావాల్సి ఉంది. అందులో నది దానంతట అదే శుభ్రమైపోకూడదు. మురుగు ఎవరు ఆపారు, ఏ ఫ్యాక్టరీ అడ్డుపడింది, ఒడ్డున ఉన్న పేదల ఇళ్లు ఏమయ్యాయి, వారికి ఎక్కడ చోటు దొరికింది, ఇవన్నీ ఉండాలి. అలాంటి కథ చూసి బయటికొచ్చిన ప్రేక్షకుడు కార్పొరేటర్‌ను అడగడానికి కనీసం ఒక ప్రశ్న వెంట తీసుకెళ్తాడు.