తక్కెడ ఎవరి చేతిలో ఉంది? (6వ భాగం)



‘బెస్ట్ వాల్యూ’ అనే మాట ఇప్పుడు ప్రతి సెమినార్‌లో వినపడుతున్నది. ప్రజల ఆస్తిని ప్రైవేటు కంపెనీ చేతిలో పెట్టేటప్పుడు ధర ఒక్కటే చూడొద్దట. నాణ్యత, అనుభవం, ప్రజలకొచ్చే మేలు అన్నీ తూకమెయ్యాలట. మంచిమాటే. కానీ తక్కెడ ఎవరి చేతిలో ఉంది?

మన నల్లగొండ మీదుగా పోయే హైదరాబాద్–విజయవాడ రోడ్డునే చూడండి. నాలుగు లైన్ల పని బీఓటీ పద్ధతిలో జీఎంఆర్‌కు ఇచ్చిండ్రు. 2012 చివరి నుంచి పంతంగి, కొర్లపహాడ్ గేట్ల దగ్గర టోలు వసూలైంది. పాలమూరు దిక్కు బెంగళూరు రోడ్డులో ఫరూఖ్‌నగర్–జడ్చర్ల ముక్కా బీఓటీనే.

ఈ టెండర్లలో అనుభవం, ఆస్తి చూసేది గడప దాటనియ్యడానికే. దాటినంక గెలిపించేది ఒక్క అంకె: సర్కారుకు ఎవరు ఎక్కువిస్తరు, లేకుంటే సర్కారును ఎవరు తక్కువడుగుతరు. అండర్‌పాస్ ఎక్కడ, సర్వీసు రోడ్డు ఎంత దూరం అన్నది బిడ్డుకు ముందే షెడ్యూల్–బిలో రాసేస్తరు. అందులో లేనిది తర్వాత అడిగితే ‘చేంజ్ ఆఫ్ స్కోప్’ అంటరు. దాని ఖర్చు మళ్లీ సర్కారు నెత్తినే.

2024 జూలైలో టోలు వసూలు ఎన్‌హెచ్ఏఐ చేతికి వచ్చింది. బ్లాక్‌స్పాట్లను సరిచేసే పనులకు కదలిక వచ్చిందీ ఆ ఏడాదే. అన్నేండ్లు కారున్నోడు టోలు కట్టి పోయిండు. కూలికి నడిచి పొయ్యేటోళ్లు ప్రాణం అరచేతిలో పెట్టుకొని దాటిండ్రు. వాళ్ల లెక్క ఏ బిడ్డులో ఉన్నది?

‘అంకె ఒక్కటే చూస్తే అవినీతి ఉండదు కదా’ అంటరు. హైదరాబాద్ మెట్రో గుర్తు తెచ్చుకోండి. 2008లో మైటాస్ సర్కారు సొమ్ము అడగకపోగా, తానే 30,311 కోట్లు ఎదురిస్తానన్నది. ఆ లెక్క వెనుక భూముల వ్యాపారం ఉన్నదని శ్రీధరన్ అప్పుడే హెచ్చరించిండు. 2009లో ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీకి ఇచ్చినప్పుడు 1,458 కోట్ల సర్కారు సాయం ఒప్పుకోవాల్సి వచ్చింది. అందమైన అంకె కూడా అబద్ధమాడుతది.

మార్కులేస్తే అధికారుల ఇష్టారాజ్యం అవుతదన్న భయం నిజమే. దానికి మందు, ఏ మార్కు దేనికో ముందే ఊరి ముందర పెట్టడం. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబర్‌లో ఇచ్చిన సూచనలు పనుల టెండర్లలో నాణ్యతకు 30 శాతం దాకా బరువు ఇయ్యొచ్చన్నయి. ఆ 30లో మన వాడకెన్ని?

భూమి దగ్గర కూడా మనల్ని అడిగేటోడు లేడు. జాతీయ రహదారుల చట్టం కింద భూమి తీసుకుంటే సామాజిక ప్రభావ అంచనా అక్కర లేకుండ 2013 భూసేకరణ చట్టమే మినహాయింపు ఇచ్చింది.

1949 నవంబర్ 25న బాబాసాహెబ్ రాజ్యాంగ సభలో హెచ్చరించింది ఈ విలువ గురించే. ఓటు దగ్గర అందరి విలువ ఒక్కటే, బతుకు దగ్గర కాదు. టెండరు కాగితం బతుకు దగ్గరిదే.

ఈ రోడ్డును ఇప్పుడు ఆరు లైన్లు చేస్తమంటున్నరు. సంతకాలైనంక ధర్నా చేస్తే వచ్చేది హామీ మాత్రమే. విద్యార్థి మిత్రులారా, ఆర్‌టీఐ వేసి డీపీఆర్, షెడ్యూల్–బి ముసాయిదా అడగండి. తెలుగులో గ్రామసభలో చదవండి. ఏ వాడ ముందర దాటే దారి లేదో రాసి తీర్మానం చేయించండి. బిడ్డు తెరవకముందే.