అనుమతి మీద బతికే వ్యాపారం

2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బి దరఖాస్తుకి లక్ష డాలర్లు కట్టాలని ట్రంప్ సంతకం పెట్టగానే మనవాళ్ళలో గగ్గోలు మొదలైంది. అమెరికా భస్మాసురుడిలా తన నెత్తిన తనే చెయ్యి పెట్టుకుంటోందన్నారు. ఆ రుసుము మొరటుదే, కాదనను. కానీ ఒక్క సంతకానికి వణికిపోయే వ్యాపారం ఇన్నేళ్ళూ దేని మీద నిలబడిందని అడిగినవాళ్ళు తక్కువ.

నైపుణ్యం మీద అంటారు. పూర్తిగా కాదు. 1990 నాటి చట్టం ఈ వీసాలకి ఏడాదికి 65 వేల పరిమితి పెట్టింది. వైటూకే, డాట్‌కామ్ రోజుల తర్వాత 2001 నుంచి 2003 దాకా అది లక్షా 95 వేలు. ఆ తర్వాత మళ్ళీ 65 వేలు, పైన అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకి ఇంకో 20 వేలు. గిరాకీ ఎక్కువ, వీసాలు తక్కువ. అందుకని లాటరీ. 2023 దాకా ఆ లాటరీలో గెలిచింది గొప్ప ప్రోగ్రామర్ కాదు, ఎక్కువ చీటీలు వేసినవాడు. 2023లో వచ్చిన రిజిస్ట్రేషన్లలో సగానికి పైగా, ఒకటికి మించి చీటీలు పడ్డ అభ్యర్థులవే. మరుసటి ఏడు మనిషికి ఒక్కటే లెక్క అని నియమం మార్చాల్సొచ్చింది. చిలుకూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు చేసే కుర్రాడు అదృష్టాన్ని నమ్ముకున్నాడంటే అర్థముంది. కంపెనీలు కూడా దాన్నే నమ్ముకుంటే ఎలా?

లాభం ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి. పని ఇచ్చే క్లయింటుకీ పని చేసే మనిషికీ మధ్య ప్రైమ్ వెండరు, ఆ కింద ఇంకో వెండరు, ఆ కింద కన్సల్టెన్సీ. గంటకింతని క్లయింటు ఇచ్చేదాంట్లో ప్రతివాడూ తన వాటా తీసుకున్నాక మిగిలింది మనవాడికి. బెంచ్ మీదున్నా జీతం ఇవ్వాలని చట్టం చెబుతుంది. చిన్న కన్సల్టెన్సీల్లో అది ఎంతవరకూ అమలవుతుందో బెంచ్ మీద కూర్చున్నవాళ్ళని అడగండి. వీసా మనుషులు ఎక్కువున్న కంపెనీలు ముందు స్థానికుల కోసం వెతకాలని 1998లో ఒక షరతు పెట్టారు. మాస్టర్స్ ఉన్నా, 60 వేల డాలర్ల జీతం ఇచ్చినా ఆ షరతు నుంచి మినహాయింపు. ఆనాటికి అది మంచి జీతం. ఆ అంకె ఇప్పటికీ మారలేదు!

మరి ఆ మనిషి వేరే కంపెనీకి ఎందుకు పోడు? 2000 నుంచీ చట్టం పోనిస్తోంది. కానీ ఒక్కో దేశానికి 7 శాతమనే గ్రీన్ కార్డు పరిమితి వల్ల మనవాళ్ళ వరస దశాబ్దాల పొడవుంది. కంపెనీ మారితే కొత్త యజమాని ఆ కాగితాలు చాలావరకు మళ్ళీ మొదలెట్టాలి. కాబట్టి నోరు మూసుకుని ఉంటాడు. కన్సల్టెన్సీ అమ్ముకునే సరుకులో నైపుణ్యం కొంత, ఈ కదల్లేనితనం కొంత.

"వాళ్ళు లేకపోతే మనం వచ్చేవాళ్ళమా?" అని అడిగేవాళ్ళున్నారు. నిజమే, దారి చూపించారు. ఆ దారికి సుంకం కూడా వసూలు చేశారు గదా. బాకీ తీరిపోయింది.

పెద్ద కంపెనీలకి గాలి ఎటు వీస్తోందో ముందే తెలుసు. 10 వేలమంది అమెరికన్లని తీసుకుంటామని ఇన్ఫోసిస్ 2017లోనే ప్రకటించింది. ఇటు క్లయింట్లే హైదరాబాదులో, బెంగుళూరులో సొంత కేంద్రాలు తెరిచి మధ్యవాళ్ళ అవసరాన్ని తగ్గించుకుంటున్నారు. అక్కడ వీసా ఖరీదెక్కింది, ఇక్కడ పని నేరుగా వస్తోంది. ఈ రెంటి మధ్యా నలిగేది మనుషుల్ని పంపడం తప్ప ఇంకేమీ నేర్చుకోని కంపెనీ.

అది మూతపడితే నాకు దిగుల్లేదు. దిగులల్లా నష్టం ఎవరి మీద పడుతుందనే. యజమాని ఇంకో వ్యాపారం చూసుకుంటాడు. ఉద్యోగం పోయినవాడికి మాత్రం గడువు 60 రోజులు. ఆలోగా కొత్త ఉద్యోగం దొరకాలి, లేదా ఇల్లూ పిల్లల బడీ వదులుకుని విమానం ఎక్కాలి.

మన సంఘాలు వినతిపత్రాలు రాస్తే ఈ మనిషి కోసం రాయాలి. దేశాలవారీ పరిమితి తియ్యమనాలి, 60 రోజుల గడువు పెంచమనాలి, లాటరీ బదులు జీతాన్నిబట్టి ఎంపిక చెయ్యమనాలి. ఆ చివరిదానికి కన్సల్టెన్సీ యజమానులు ఒప్పుకోరు. సంఘాల సభలకి విరాళాలిచ్చేవాళ్ళలో వాళ్ళూ ఉన్నారన్నది వేరే సంగతి. కానీ ఎవరి పక్షమో తేల్చుకోవాల్సిన చోటు అదే.