అల్లుడు షికాగోలో, అమ్మాయి పాతబస్తీలో

షాబాన్ నెలలో ఒక సాయంత్రం మగ్రిబ్ నమాజు తర్వాత, నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి తండ్రి చేతిలో ప్లాస్టిక్ కవరుతో మా ఇంటికి వచ్చారు. పదహారేళ్లు రియాద్‌లో పనిచేసి తిరిగొచ్చిన మనిషి. "మౌల్వీ సాబ్, ఇందులో ఉర్దూలో ఏం రాసి ఉందో ఒకసారి చదివి చెప్పండి" అంటూ ఖాజీ గారిచ్చిన సియాహానామా నా ముందుంచారు. ఇలాంటి కాగితాలు చదివి చెప్పడం నాకు కొత్త కాదు. ఉర్దూ చదివే పిల్లలు తగ్గిపోతున్న కొద్దీ తల్లిదండ్రుల నికాహ్ పత్రాలు సైతం నాలాంటివారి గుమ్మం ఎక్కుతున్నాయి.

ఆ అమ్మాయి నికాహ్ 2021లో, కరోనా రోజుల్లో జరిగింది. పెళ్లికొడుకు షికాగోలో ఉన్నాడు. ఫోను తెరమీద అతని ముఖం, ఇక్కడ మజ్లిస్‌లో అతని తరఫున వకీలుగా మేనమామ, ఇద్దరు సాక్షులు. ఖుత్బా చదివారు, ఖబూల్ అయింది, ఖర్జూరాలు పంచారు. అబ్బాయి అమెరికా పౌరుడు కనుక భార్యకు శాశ్వత నివాస హక్కు, అంటే మనవాళ్లు గ్రీన్‌కార్డు అనేది, త్వరలోనే వచ్చేస్తుందని అందరూ అనుకున్నారు. దరఖాస్తు పెట్టిన తర్వాత అక్కడి అధికారుల నుంచి ఒక ప్రశ్న వచ్చింది. పెళ్లి సమయంలో దంపతులు ఒకరి ఎదుట ఒకరు ఉన్నారా? లేకుంటే, ఆ తర్వాత వారు భార్యాభర్తలుగా కలిసి జీవించినట్టు ఆధారం ఏది?

తండ్రికి ఇది అవమానంగా తోచింది. "మన నికాహ్‌నే నమ్మరా వీళ్లు?" అని ఆయన బాధ. నిజానికి ఇక్కడ రెండు చట్టాలు రెండు వేర్వేరు ప్రశ్నలు అడుగుతున్నాయి. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఈజాబ్, ఖబూల్ ఒకే మజ్లిస్‌లో, సాక్షులు వింటుండగా జరగాలి. అందుకే కేవలం ఫోనులో ఖబూల్ చెప్పించడాన్ని మన ఉలమాలలో చాలామంది ఒప్పుకోరు. వరుడు ఇక్కడ ఒకరిని వకీలుగా నియమిస్తే నికాహ్ చెల్లుతుందంటారు. ఆ కుటుంబం చేసింది అదే. షరీఅత్ దృష్టిలో అమ్మాయి ఆ రాత్రి నుంచే భార్య. కాని అమెరికా వలస చట్టం (1952లో చేసింది) తన నిర్వచనాల్లోనే ఒక మాట రాసుకుంది. దంపతులిద్దరూ పరస్పరం ఎదురుగా లేకుండా జరిగిన పెళ్లిలో, ఆ తర్వాత దాంపత్యం జరిగి ఉంటేనే వారిని ఆ చట్టం కింద భార్యాభర్తలుగా లెక్కిస్తుంది. అంటే ఏ వకీలు వల్ల మన దగ్గర నికాహ్ నిలబడిందో, ఆ వకీలు వల్లనే అక్కడ సందేహం పుట్టింది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. అమెరికా పౌరుడు కాబోయే భార్యను పిలిపించుకునే కె-1 వీసా ఒకటుంది. అమ్మాయి అక్కడికి వెళ్లిన 90 రోజుల్లో పెళ్లి చేసుకోవాలి. మనవాళ్లు ముందు ఇక్కడ నికాహ్ చేసేసి, రుఖ్సతీ ఆపి, ఆపైన ఈ వీసా అడుగుతుంటారు. నికాహ్ అయిన అమ్మాయి "కాబోయే భార్య" ఎలా అవుతుంది? భార్య కింద దరఖాస్తు పెట్టాల్సినవారు కాబోయే భార్య కింద పెడితే, అబద్ధం చెప్పినట్టు ఫైలులో పడుతుంది. ఆ మచ్చ తర్వాత తీయడం కష్టం.

సంబంధాలు చూసేటప్పుడు "అబ్బాయి అమెరికాలో ఉన్నాడు" అనే ఒక్క మాటతో మనం తృప్తి పడిపోతున్నాం. ఆ మాట వెనుక ముగ్గురు వేర్వేరు అల్లుళ్లుంటారు. ఒకడు పౌరుడు. అతని భార్య సంఖ్యా పరిమితి లేని వర్గంలోకి వస్తుంది. పట్టే కాలమంతా కాగితాల పరిశీలనకూ ఇంటర్వ్యూకూ పట్టేదే. రెండోవాడు గ్రీన్‌కార్డు ఉన్నవాడు. అతని భార్యది ఎఫ్2ఎ అనే వర్గం, దానికి ఏటా ఇన్నే వీసాలన్న లెక్క ఉంది. 2019 జూలై నుంచి 2023 మార్చి దాకా ఈ వర్గంలో క్యూ అనేదే లేదు. 2023 ఏప్రిల్‌లో మళ్లీ క్యూ మొదలైంది. ఒకే వీధిలో 2020లో పెళ్లయిన అమ్మాయికి లేని నిరీక్షణ 2023లో పెళ్లయిన అమ్మాయికి రావడానికి కారణం ఇదే తప్ప అల్లుడి అశ్రద్ధ కానక్కరలేదు. మూడోవాడు హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నవాడు. ఇతను తన భార్యకు గ్రీన్‌కార్డు ఇప్పించే స్థితిలో లేడు. తనకే ఇంకా లేదు. భార్య హెచ్-4 మీద వెంట వెళ్తుంది. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే ఆమెకు ఉద్యోగం చేసే అనుమతి, అదీ 2015 మే నుంచి వచ్చిన సదుపాయం. సంబంధం తెచ్చిన పెద్దమనుషులు ఈ ముగ్గురినీ ఒకే గాటన కట్టి మాట్లాడితే, వలీగా ఉన్న తండ్రి అడిగి తెలుసుకోవాల్సింది ఇదే. జీతం ఎంతని అడగడానికి మొహమాటపడని మనం, వీసా ఏమిటని అడగడానికి ఎందుకు సంకోచించాలి?

ఈ సందర్భంలో మన గల్ఫ్ కుటుంబాలకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డులో భారతీయుల క్యూ ఎంత పొడవో అందరికీ తెలిసిందే. అయితే ఆ క్యూ పాస్‌పోర్టును బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. అంతేగాక భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్తున్నప్పుడు, ఇద్దరిలో ఎవరు పుట్టిన దేశం అనుకూలమైతే ఆ దేశం ఖాతాలో లెక్కించమని కోరవచ్చు. జిద్దాలోనో దమ్మామ్‌లోనో పుట్టి, హైదరాబాద్‌లో పెరిగిన మన అమ్మాయిలు ఎంతమంది! పాస్‌పోర్టు భారతదేశానిదే అయినా వారు సౌదీ ఖాతాలోకి వస్తారు. హైదరాబాద్‌లో పుట్టిన భర్త ఆ భార్య పుట్టుకను ఆధారం చేసుకుని పొడవైన క్యూ నుంచి బయటపడవచ్చు. ఇది లొసుగు కాదు, చట్టంలో రాసి ఉన్న వెసులుబాటు. ఒకప్పుడు ఇక్కడి బడుల్లో చేర్చడానికి తంటాలు తెచ్చిపెట్టిన ఆ అరబీ జనన పత్రం ఇలా అక్కరకొస్తుందని ఎవరనుకున్నారు?

ఇక వీసా చేతికొచ్చాక కథ ముగిసిందనుకోవడం పొరపాటు. దొంగ పెళ్లిళ్లను అరికట్టడానికి అమెరికా 1986లో ఒక చట్టం చేసింది. శాశ్వత నివాస హక్కు లభించే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే, ఆ హక్కు షరతులతో రెండేళ్లకే ఇస్తారు. ఆ గడువు తీరే ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి మరో దరఖాస్తు పెట్టాలి. పెట్టకపోతే హక్కు పోతుంది. ఆలోచించండి: "కలిసి" అనే ఈ ఒక్క మాట చెడ్డ భర్త చేతిలో ఏమవుతుందో. సంతకం పెట్టను, నిన్ను తిప్పి పంపేస్తాను అని బెదిరించడానికి అతనికి రెండేళ్లు దొరుకుతాయి. పరాయి దేశంలో, పుట్టింటివారు వేల మైళ్ల దూరంలో ఉన్న అమ్మాయి ఆ మాట నమ్ముతుంది. నిజానికి ఆమె నమ్మనక్కరలేదు. పెళ్లి సదుద్దేశంతో జరిగిందని చూపగలిగితే, విడాకులైనా, భర్త హింసించినా, అతని సంతకం లేకుండా ఒంటరిగానే దరఖాస్తు పెట్టవచ్చు. 1994లో వచ్చిన మహిళా హింస నిరోధక చట్టం హింసకు గురైన భార్య భర్తకు తెలియకుండానే స్వయంగా గ్రీన్‌కార్డు కోరే వీలు కూడా కల్పించింది. విమానం ఎక్కే ముందు మన ఆడపిల్లలకు ఇమామ్ జామిన్ కట్టి పంపుతాం. పంపే ముందు ఈ రెండు ముక్కలు కూడా చెవిన వేయాలి.

మరొకటి భరణం సంగతి. భార్యను పిలిపించుకునేవాడు ఐ-864 అనే పత్రం మీద సంతకం చేయాలి. ప్రభుత్వం నిర్ణయించిన పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం తనకుందని, భార్యను ఆ స్థాయికి తగ్గకుండా పోషిస్తానని అందులో హామీ ఇస్తాడు. తన ఆదాయం చాలకపోతే మరొకరిని జామీనుదారుగా తెచ్చుకోవచ్చు. ఇది ఉత్తుత్తి కాగితం కాదు. 1996 చట్టం తర్వాత దీనికి న్యాయస్థానంలో నిలబడే బలం వచ్చింది. విడాకులతో ఈ బాధ్యత తీరదు. ఆమె పౌరసత్వం పొందినా, చట్టం లెక్కించే 40 త్రైమాసికాల పని పూర్తయినా, దేశం విడిచి శాశ్వతంగా వెళ్లిపోయినా, ఇద్దరిలో ఒకరు మరణించినా తప్ప కొనసాగుతుంది. ఆమె స్వయంగా కోర్టుకెళ్లి అడగవచ్చు కూడా. మహర్ విషయంలో గంటలకొద్దీ బేరాలాడే మన పెద్దలు, అల్లుడు మరో దేశపు ప్రభుత్వానికి రాసిచ్చిన ఈ వాగ్దానం ప్రతిని అమ్మాయి దగ్గర ఉంచడం మాత్రం మరచిపోతున్నారు.

అన్నీ సక్రమంగా ఉన్నా వీసా అధికారి కాదంటే? 2024 జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మన పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు. సాండ్రా మునోజ్ అనే అమెరికన్ న్యాయవాది భర్త ఎల్ సాల్వడార్ దేశస్థుడు. ఒంటిమీది పచ్చబొట్లను బట్టి అతనికి నేరస్థుల ముఠాతో సంబంధం ఉందన్న అనుమానంతో 2015లో వీసా నిరాకరించారు. భర్తతో తన దేశంలో కాపురం చేసే హక్కు తనకుందని ఆమె వాదించింది. విదేశీ భర్తను దేశంలోకి రానివ్వాలన్న ప్రాథమిక హక్కు పౌరురాలికి లేదని 6-3 మెజారిటీతో కోర్టు తేల్చింది. అంతకుముందు 2015లో ఫౌజియా దిన్ అనే ఆఫ్ఘన్ సంతతి పౌరురాలి కేసులోనూ ఓటమే మిగిలింది. ఆమె భర్త తాలిబన్ల కాలంలో ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ఎందుకు నిరాకరించారో వివరంగా చెప్పమన్న ఆమె అభ్యర్థన 5-4తో వీగిపోయింది. కుటుంబ విలువల గురించి అంతగా మాట్లాడే దేశంలో, కాపురం ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు చివరి జవాబు కిటికీ వెనుక కూర్చున్న అధికారిదే అయింది.

బ్రిటన్ మాట వేరుగా చెప్పనక్కరలేదు. అక్కడ పరీక్ష జేబుకు. భార్యనో భర్తనో పిలిపించుకునేవారికి ఏటా 18,600 పౌండ్ల ఆదాయం ఉండాలని 2012లో పెట్టిన నిబంధనను 2024 ఏప్రిల్‌లో 29,000కు పెంచారు. చిన్న దుకాణంలో పనిచేసే అబ్బాయికి నికాహ్ సులభం, భార్యతో కాపురం దుర్లభం.

అయితే పరాయి దేశాల కాఠిన్యాన్ని తప్పుపట్టే ముందు మన గుమ్మం వైపూ చూడాలి. హైదరాబాద్ కుటుంబాలకు కరాచీలో మేనమామలు, పినతల్లులు ఉన్నారు. ఆ బంధుత్వాల్లోంచి ఇక్కడికి కోడళ్లుగా వచ్చిన స్త్రీలూ ఉన్నారు. భారత పౌరుణ్ణి పెళ్లాడి, ఏడేళ్లు ఇక్కడ నివసించిన వ్యక్తి పౌరసత్వానికి దరఖాస్తు చేయవచ్చని మన 1955 పౌరసత్వ చట్టం అంటోంది. ఇతర దేశాల కోడళ్లకైతే, పెళ్లి రిజిస్టరయి రెండేళ్లు గడిస్తే ఓసీఐ కార్డుకు అర్హత ఉంటుంది. పాకిస్థాన్, బంగ్లాదేశ్ నుంచి వచ్చినవారికి ఆ దారి మూసి ఉంది. వారికి దీర్ఘకాలిక వీసాయే ఆధారం. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో అమాయకుల్ని పొట్టనబెట్టుకున్న ఘాతుకం తర్వాత ప్రభుత్వం పాకిస్థానీల వీసాలను రద్దు చేసింది. దీర్ఘకాలిక వీసాలకు మినహాయింపు ఇచ్చింది. కాని దరఖాస్తు పెట్టుకుని, జవాబు కోసం ఎదురుచూస్తున్న కోడళ్ల సంగతి? అటారీ సరిహద్దు దగ్గర తల్లి చేతిలో ఒక రంగు పాస్‌పోర్టు, పిల్లల చేతిలో మరో రంగు పాస్‌పోర్టు ఉన్న దృశ్యాలు ఆ వారం దేశమంతా చూసింది. ఫోటోల్లోని ఆ పిల్లలు చేసిన నేరమేమిటో ఎవరూ చెప్పలేదు. ఉగ్రవాదుల్ని శిక్షించడంలో ఎవరికీ రెండో మాట ఉండదు, ఉండకూడదు. పాలు తాగే బిడ్డను తల్లి నుంచి వేరుచేయడం ఆ శిక్షలో భాగం కాజాలదు.

మళ్లీ మన పెద్దాయన దగ్గరికి వద్దాం. సియాహాలో వరుడి పేరు ముందు "మొహమ్మద్" పూర్తిగా ఉంది, పాస్‌పోర్టులో కుదించి ఉంది. వధువు పేరు చివర సియాహాలో "బేగం", పాస్‌పోర్టులో "ఫాతిమా". రెండూ ఒకరివేనని చూపే కాగితాలు సేకరించమన్నాను. ఉర్దూ సియాహాకు ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే వివాహాల తప్పనిసరి నమోదు చట్టం వచ్చింది. ఖాజీ కాగితం ఉంది కదా అని ఆ నమోదును వదిలేసిన ఇళ్లు మనలో ఇంకా చాలా ఉన్నాయి, వీరిదీ వాటిలో ఒకటి.

"దాంపత్యానికి ఆధారం" అన్న ప్రశ్న దగ్గర ఆయన తల వంచుకున్నారు. కూతురి గురించి ఏ తండ్రి అలాంటి మాట నోట పలకగలడు? 2022లో అబ్బాయి వచ్చి ఇరవై రోజులున్నాడని, అప్పుడే రుఖ్సతీ, వలీమా జరిగాయని నెమ్మదిగా చెప్పారు. ఇంకేం కావాలి? అబ్బాయి పాస్‌పోర్టులోని ముద్రలు, విమానం టికెట్లు, వలీమా ఫోటోలు, షాదీఖానా రసీదు, దంపతులిద్దరి పేర్లున్న హోటల్ బిల్లు, అన్నీ తేదీల వరుసలో పెట్టమన్నాను. ఆ ప్రశ్నకు జవాబు ఆ కవరు అడుగున నలిగిపోయి ఉండనే ఉంది. ప్రశ్న అర్థంకాక ఏడు నెలలు గడిచాయి. జవాబు అందాక కూడా ఇంటర్వ్యూ కోసం ముంబయి వెళ్లాలి. మన నగరంలో అమెరికా కాన్సులేట్ ఉన్నా వలస వీసాల ఇంటర్వ్యూలు అక్కడే.

లేచి వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగారు. చిన్నమ్మాయికి కూడా ఒక సంబంధం వచ్చిందట. అబ్బాయి డాలస్‌లో, హెచ్-1బి మీద ఉన్నాడట. అమ్మాయి ఎక్కడ పుట్టిందని అడిగాను. రియాద్‌లోనే, నేనక్కడ ఉన్నప్పుడు, అన్నారు. ఆ జనన పత్రం ఇంట్లో ఎక్కడుందో ముందు వెతకమని చెప్పి పంపాను.