పట్టణ వీథులలో అద్దె సైకిళ్లు

మోటారు బండ్ల రద్దీయు పొగయు హెచ్చిన పెక్కు నగరములందు పురపాలకులు వీథి మూలల సైకిళ్లను నిలిపి, స్వల్పమగు అద్దెకు ప్రజల కిచ్చుచున్నారు. ఒక నిలయమున ఎక్కిన బండిని వేఱొక నిలయమున విడిచి పోవచ్చును. ఈ యేర్పాటువలన పట్టణవాసులు నిజముగా సైకిలు నాశ్రయింతురా యనునది విచారింపదగిన విషయము.

అద్దె సైకిలు మనకు క్రొత్తది గాదు. గంటకింత యని బండ్ల నిచ్చు అంగళ్లు మన తెలుగు పట్టణములలో పూర్వము విస్తారముగా నుండెడివి. సొంత బండి కొనజాలని బాలు రెందఱో ఆ యంగళ్ల బండ్లమీదనే తొక్కుట నేర్చిరి. అంగడివాడు మనిషి నెఱిగి బండి నిచ్చెడివాడు. ఎఱుగనివారికి బండి నప్పగించుట యెట్లన్నదే పెద్ద నగరములకు మొదట తటస్థించిన చిక్కు. 1965లో ఆమ్‌స్టర్‌డాము నగరమున కొందఱు యువకులు తెల్లరంగు వేసిన సైకిళ్లను తాళము లేకయే వీథులం దుంచగా, పోలీసులు వానిని పట్టుకొనిపోయిరి. 1995లో కోపెన్‌హేగెను నగరమువారు నాణెము వేసినగాని బండి విడివడని యేర్పాటు చేసిరి. 2005లో లియోన్, 2007లో పారిస్ నగరములవారు కార్డుచే మనిషిని గుర్తించి, మొదటి అరగంటకు అద్దె లేకుండ బండి నియ్య నారంభించిరి. పిమ్మట ఈ పద్ధతి అనేక దేశములకు వ్యాపించెను.

అయినను బండి దొరకినంత మాత్రమున జనులు తొక్కుదురని చెప్పరాదు. స్పెయిన్ దేశమందలి సెవిల్ నగరమున 2007లో అద్దె సైకిళ్లు వచ్చెను. ఆ కాలముననే పురపాలకులు మోటారు బండ్లు చొరరాని సైకిలు బాటలను, ఒకదానితో నొకటి కలియునట్లు, సుమారు 80 కిలోమీటర్ల పొడవున వేయించిరి. అంతకుముందు అచ్చటి ప్రయాణములలో నూటికి ఒకటియైనను సైకిలుపై జరుగుట లేదు. కొలది యేండ్లలో నూటికి ఐదాఱు జరుగజొచ్చెను. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున 2010లో పెట్టిన అద్దె సైకిళ్లను ఆదరణ చాలక 2019లో ఎత్తివేసిరి. అచ్చట తలకు హెల్మెట్టు లేక సైకి లెక్కుట చట్టవిరుద్ధము. త్రోవన పోవుచు బండి నద్దెకు గొనువాని చేత హెల్మెట్టుండుట అరుదు. సైకిలు బాటలును అచ్చట చాలినన్ని లేవు.

ముందు బండ్లను నిలిపినచో తొక్కువారు పెరిగి వారే బాటలను కోరుదురని కొందఱు వాదింతురు. ఇందు సత్యము లేకపోలేదు. కాని పలు నగరములలో జరిపిన విచారణలనుబట్టి, అద్దె సైకి లెక్కువారిలో పెక్కుమంది మునుపు నడచియో, బస్సులలోను రైళ్లలోను పోయెడివారే. మోటారుకారు విడిచి వచ్చినవారు కొలదిమంది. కావున అద్దె బండ్లచేతనే వీథులలోని రద్దీ తగ్గునని నమ్మరాదు.

మన దేశమున మైసూరులో 2017లో ట్రిన్ ట్రిన్ అను పేర అద్దె సైకిళ్లు ఆరంభమయ్యెను. 2023లో హైదరాబాదు అవుటరు రింగు రోడ్డు ప్రక్క 23 కిలోమీటర్ల సైకిలు బాట, సూర్యశక్తి పలకల కప్పుతో, తెఱవబడెను. మెచ్చదగిన పనియే, కాని అది నగరపు అంచున నున్నది. నగర మధ్యమున ఇంటినుండి బడికిని బజారునకును పోవు బాలునికి దానివలన సాయము లేదు. జనులు నిత్యము పోవు చోట్లను కలిపిననే బాటకు సార్థక్యము.

మన యిండ్ల సంగతి చూడుడు. పండ్రెండేండ్ల బిడ్డ సైకిలుపై బడికి పోయెదనన్నచో తల్లి వలదనును. ఇంట సైకిలున్నను వలదనును. లారీలును బస్సులును తిరుగు వీథిని తలచుకొని ఆమె భయపడును. అద్దె సైకిళ్ల నిలయములు వేయి పెట్టినను ఆ భయము తీరదు. కావున పురపాలకులు మొదట పాఠశాలలకు పోవు వీథులలో ప్రత్యేకమగు సైకిలు బాటలు వేయించి, బడి వేళల లారీల రాక నాపి, అటుపిమ్మట అద్దె సైకిళ్లను పెట్టుట మేలు. తల్లిదండ్రులు కలసి పురపాలక సంఘమువారికి ఈ సంగతి విన్నవింతురు గాక. విద్యార్థులారా, మీరును ఎడమ ప్రక్కనే పోవుచు, నడచువారికి దారి యిచ్చుచు, ఆ బాటలకు తగినవారు కండు.