నైపుణ్యం లేనిది ఎవరికి?

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో మెరిసే లక్క గాజుకు పుట్టిల్లు అడవి. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో మన ఆదివాసీలు మోదుగ, రేగు కొమ్మల మీంచి గీకి తీసే లక్కే దానికి మూలం. ఆ లక్కను బొగ్గుల కుంపటి మీద మెత్తబరిచి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయీ పొదిగేది పాతబస్తీ కార్మికులు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపు వచ్చింది. గాజుకైతే గుర్తింపు వచ్చింది గానీ, కొమ్మ గీకిన చేతికీ రాయి పొదిగిన చేతికీ రాలేదు. శిక్షణ ఇస్తామంటూ వచ్చేవాళ్ల నోట ఆ రెండు చేతులకూ ఒకటే పేరు: నైపుణ్యం లేని యువత.

ఈ మాటను మేం ఒప్పుకోం.

2013 కంపెనీల చట్టం, సెక్షన్ 135 ప్రకారం పెద్ద కంపెనీలు తమ మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఉపాధి నైపుణ్యాలు నేర్పడం కూడా ఆ జాబితాలో ఉంది. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలనీ ఉంది. మంచిదే. కానీ ఆ డబ్బుతో మన పిల్లలకు నేర్పుతున్నదేమిటి? కొన్ని వారాల ఇంగ్లీషు పలకరింపులు, ఒక యూనిఫాం, ఒక సర్టిఫికెట్, ఒక గ్రూప్ ఫొటో. ఆ తర్వాత మాల్ గేటు దగ్గర కాపలా, లేదంటే వీపున సంచితో డెలివరీ. ఏజెన్సీ పిల్లాడైనా పాతబస్తీ పిల్లాడైనా చివరికి చేరేది అక్కడికే. ఆ పనులు తక్కువవని మేం అనడం లేదు. మన పిల్లలకు అవే చాలని ముందే తీర్మానించింది ఎవరని అడుగుతున్నాం.

పాతబస్తీలో కొరవడింది పనితనం కాదు, కూలి. 2015 జనవరిలో పోలీసులు అక్కడి గాజుల కార్ఖానాల్లో సోదా చేస్తే రెండు వందలకు పైగా పిల్లలు బయటపడ్డారు. ఎక్కువమంది బిహార్ నుంచి తెచ్చినవాళ్లు. పసివాళ్ల వేళ్లతో చవగ్గా పని జరిగే చోట పెద్దవాడి నైపుణ్యానికి ధర ఎలా పలుకుతుంది? ఎన్ని సర్టిఫికెట్లు పంచితే ఆ ధర పెరుగుతుంది?

ఇంకో లెక్క గుర్తు చేస్తాం. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతపు గనుల గురించి మాట్లాడుతూ, నికర లాభంలో కనీసం 20 శాతాన్ని శాశ్వత నిధిగా పక్కన పెట్టి నీళ్లు, బడులు, ఆసుపత్రులు, రోడ్లకు వాడాలంది. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి, బొర్రా ఆదివాసీల పోరాటం నుంచి వచ్చిన తీర్పు అది. ఆనాడు 20 శాతం హక్కు. ఈనాడు 2 శాతం దయ. హక్కు మాట మరుగున పడింది, దయకు మాత్రం బ్యానర్లు కడుతున్నారు.

శిక్షణ అంటే ఏమిటో మనకు తెలియక కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక నిజాం సర్కారు దిగివచ్చింది. హైమన్‌డార్ఫ్ చొరవతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. అక్కడ నేర్చుకున్నవాళ్లు తిరిగి తమ గూడేలకే పంతుళ్లుగా వెళ్లారు. మన భాషలో నేర్పి, మన ఊరికే ఉద్యోగం ఇచ్చిన శిక్షణ అది. అదీ దయతో రాలేదు, భీం నెత్తురుతో వచ్చింది.

అందుకే యువతకూ తోటి ఉపాధ్యాయులకూ చెబుతున్నాం. సామాజిక బాధ్యత ఖర్చును కంపెనీలు తమ వార్షిక నివేదికలో చూపి తీరాలి. చదువుకున్నవాళ్లం మనం, ఆ లెక్కలు చదువుదాం. చదివి గ్రామసభలో వినిపిద్దాం. ఏ పని నేర్చుకోవాలో గ్రామసభ చెప్పాలి, పాతబస్తీలో గల్లీ జనం చెప్పాలి. గోండీ, కోయ, ఉర్దూ, ఎవరి భాషలో వాళ్లకు నేర్పాలి. లక్క తీసే అవ్వకూ గాజు చేసే ఉస్తాదుకూ గురువు హోదా, గురువు జీతం ఇవ్వాలి. ఎంతమందికి సర్టిఫికెట్ ఇచ్చారో కాదు, ఏడాది తర్వాత ఎంతమంది చేతికి ఎంత కూలి వస్తోందో లెక్క చూపాలి.

మన చేతుల్లో నైపుణ్యం ఉంది. దానికి ధర కట్టడం రానిది వాళ్లకే. ముందు ఆ శిక్షణ వాళ్లకు ఇద్దాం.